రక్షణ, విదేశాంగం మీద మన ఎంపీలు ఎటు ఓటేశారో ఎక్కడ చూడాలి?

సింధియా_శ్రీను
నేవీ డే వస్తోందంటే మా కాలేజీలో ఏదో ఒక చర్చ పెట్టమంటారు. ఈసారి ఆ పని నా మెడకు చుట్టారు. రక్షణ, విదేశాంగ విషయాల్లో విశాఖ ఎంపీలు ఇన్నేళ్ళలో ఎటు ఓటేశారో పిల్లలకు చూపిద్దామనుకున్నా. తూర్పు నౌకాదళం ఇక్కడే, డాక్‌యార్డ్ ఇక్కడే, షిప్‌యార్డ్ ఇక్కడే, బీచ్ రోడ్డులో జలాంతర్గామే మ్యూజియం అయి కూర్చుంది. ఈ ప్రశ్న మన ఊళ్ళో కాకపోతే ఇంకెక్కడ అడుగుతాం?

లోక్‌సభ సైటంతా తిరగేశా. హాజరు ఉంది, అడిగిన ప్రశ్నలు ఉన్నాయి, ప్రైవేటు మెంబరు బిల్లులు ఉన్నాయి. ఏ ఓటింగ్‌లో ఎటు వేశారన్న కాలమ్ మాత్రం లేదు. ఇదే మాట అమెరికాలో ఓక్లండ్‌లో ఉన్న మా బావతో అంటే, వాళ్ళ ఏరియా నుంచి చాలాకాలం అక్కడి పార్లమెంటుకి, అంటే కాంగ్రెస్‌కి, మెంబరుగా చేసిన బార్బరా లీ రికార్డు లింకు పంపాడు. 1998 నుంచి ఒక్కో ఓటూ తారీకుతో సహా ఉంది. చూస్తే కుళ్ళు పుట్టింది.

మనవాళ్ళవి దాచిపెట్టారా, నాకే వెతకడం రాలేదా?

ఎంవీపీ_డబుల్‌రోడ్
ఎటు వేశారో రాయాలంటే ముందు వేసుండాలి కదా మాస్టారూ.

కంచరపాలెం_కుర్రాడు
హాజరు చూసావు కదా అన్నా, సంతోషించు. అదే ఎక్కువ.

సీతమ్మధార_ప్లీడరు
ఎవరూ దాచలేదు. చాలావరకు ఆ ఓట్లే లేవు.

మన సభలో మామూలు పద్ధతి మూజువాణి ఓటు. స్పీకర్ ప్రశ్న పెడతారు, ఒప్పుకున్నవాళ్ళు ఒక కేక, ఒప్పుకోనివాళ్ళు ఒక కేక. ఏది గట్టిగా వినిపిస్తే అది నెగ్గినట్టు ప్రకటిస్తారు. ఎవరైనా పట్టుబట్టి డివిజన్ అడిగితేనే బటన్లు నొక్కుతారు, పేర్లు రికార్డుకు ఎక్కుతాయి. అడిగినా అనవసరం అనిపిస్తే స్పీకర్ ఎవరి సీట్ల దగ్గర వాళ్ళను లేచి నిలబడమని తలలు లెక్కపెట్టి సరిపెట్టొచ్చు. అప్పుడు అంకె ఉంటుంది, పేరుండదు.

రక్షణ పద్దు అంటారా? 2025–26లో అది 6.81 లక్షల కోట్లు. ఇంత పద్దు కూడా చాలా ఏళ్ళు గిలటిన్‌లోనే వెళ్ళిపోయింది. అంటే టైమైపోయిందని మిగిలిన శాఖల పద్దులన్నీ కలిపి ఒకేసారి ఓటుకు పెట్టేస్తారు. 2018 మార్చిలో అయితే అన్ని శాఖలదీ అదే గతి, ఒక్క పద్దు మీదా చర్చ జరగలేదు.

ఇక విదేశాంగం. మన రాజ్యాంగంలో ఒప్పందాలు చేసుకోవడం ప్రభుత్వం చేతిలో పని. సభ ఆమోదం అక్కర్లేదు. ఒప్పందం అమలుకు కొత్త చట్టం కావాలంటేనే పార్లమెంటుకు వస్తుంది. అమెరికాలో సంధికి సెనేట్‌లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. బార్బరా లీ ఉన్న ప్రతినిధుల సభకు సంధులు రావు కానీ, విదేశాంగం మీద అక్కడ ఎక్కువ ఓట్లు కనిపించడానికి మొదటి కారణం ఇలా చట్టసభ ఓటు కావాల్సి రావడమే.

గాజువాక_గిరి
2008లో అమెరికాతో అణు ఒప్పందం మీద ఓటింగ్ జరిగిందిగా ప్లీడరు గారూ? దేశమంతా టీవీల ముందే ఉంది.

సీతమ్మధార_ప్లీడరు
జరిగింది ఒప్పందం మీద కాదు, ప్రభుత్వం మీద విశ్వాస తీర్మానం. 2008 జులై 22, అనుకూలం 275, వ్యతిరేకం 256. అదే ఒప్పందాన్ని ఆ ఏడాది సెప్టెంబరులో అమెరికా ప్రతినిధుల సభ 298–117తోను, అక్టోబరులో సెనేట్ 86–13తోను ఓటేసి ఆమోదించాయి. మన ఒప్పందం మీద మనకన్నా వాళ్ళే ఎక్కువ ఓట్లేశారు.

బే_ఏరియా_బుజ్జి
శ్రీను చెప్పిన బావను నేనే. పుట్టింది జ్ఞానాపురంలో, ఇప్పుడు ఓటు ఓక్లండ్‌లో. లింకు పంపిన పాపానికి వివరం కూడా రాస్తాను.

బార్బరా లీ 1946లో టెక్సాస్‌లోని ఎల్ పాసోలో పుట్టారు. చదువు ఓక్లండ్ మిల్స్ కాలేజీలో, తర్వాత బర్క్‌లీలో సోషల్ వర్క్. 1972లో అధ్యక్ష పదవికి పోటీ పడిన షర్లీ చిషోల్మ్ ప్రచారంలో పనిచేశారు. ఆ తర్వాత రాన్ డెలమ్స్ అనే మా పాత కాంగ్రెస్ మెంబరు ఆఫీసులో చాలా ఏళ్ళు. ఆ డెలమ్స్ విచిత్రమైన మనిషి. యుద్ధాలకు బద్ధ వ్యతిరేకి, అయినా సీనియారిటీతో సాయుధ దళాల కమిటీకి చైర్మన్ అయ్యాడు. 1990లలో ఈవిడ కాలిఫోర్నియా అసెంబ్లీ, ఆ రాష్ట్ర సెనేట్ చూసొచ్చారు. 1998లో డెలమ్స్ రాజీనామా చేస్తే ఉప ఎన్నికలో గెలిచి వాషింగ్టన్ వెళ్ళారు.

మరుసటి ఏడాదే మొదటి ఒంటరి ఓటు. 1999 మార్చిలో యుగోస్లావియా మీద నాటో బాంబులు మొదలైన రోజు, అందులో పాల్గొంటున్న సైనికులకు మద్దతుగా సభ తీర్మానం పెట్టింది. 424–1. ఆ ఒకటి ఈవిడదే. దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

అందరికీ తెలిసింది 2001 సెప్టెంబరు 14. జంట భవనాలు కూలి మూడు రోజులు. అధ్యక్షుడికి బలప్రయోగం చేసే అధికారం ఇస్తూ తీర్మానం వచ్చింది. సెనేట్‌లో 98–0, ప్రతినిధుల సభలో 420–1. మళ్ళీ ఆ ఒకటి ఈవిడే. ఆ రోజు నేషనల్ కేథడ్రల్‌లో జరిగిన సంస్మరణ ప్రార్థనలో, మనం ఖండిస్తున్న దుర్మార్గంలా మనమే మారిపోకూడదు అన్న అర్థంలో ఒక మాట వచ్చింది. రాత్రి సభలో దాన్నే గుర్తుచేసి, కాస్త ఆగి ఆలోచిద్దాం అన్నారు. తర్వాత చంపుతామని బెదిరింపులు, ఇరవై నాలుగు గంటల పోలీసు కాపలా. 2002 ఎన్నికల్లో మళ్ళీ నిలబడితే 80 శాతం పైన ఓట్లు వచ్చాయి.

ఆ తీర్మానంలో అసలు వాక్యం ఇంగ్లీషులో 60 పదాలు. శత్రువు పేరు లేదు, దేశం పేరు లేదు, గడువు లేదు. ఎవరి మీదకు వెళ్ళాలో అధ్యక్షుడే తేల్చుకోవచ్చు. 2016లో వాళ్ళ కాంగ్రెస్ పరిశోధన విభాగం లెక్క తీస్తే, దాని పేరు చెప్పి 14 దేశాల్లో 37 సార్లు చర్యలు తీసుకున్నట్టు తేలింది. ఆవిడ అడ్డం చెప్పింది ఈ ఖాళీ చెక్కుకే.

మల్కాపురం_మాజీనేవీ
మూడు రోజులు. మూడు వేల మంది దాకా పోయి మూడే రోజులు. శవాలు ఇంకా శిథిలాల కింద ఉన్నాయి. అప్పుడు ఆగి ఆలోచిద్దాం అనడానికి ఓక్లండ్‌లో కూర్చున్నవాళ్ళకు బాగానే ఉంటుంది.

నేను 2001 డిసెంబరులో ఓడ మీద ఉన్నాను. పార్లమెంటు మీద దాడి జరిగింది, ఆపరేషన్ పరాక్రమ్ మొదలైంది. మమ్మల్ని ఈ తీరం నుంచి పడమటి తీరానికి పంపించారు. నెలల తరబడి సముద్రంలోనే. ఇంటి నుంచి ఉత్తరం వస్తే పది మంది చేతులు మారేది. మా మెస్‌లో ఒక పాత రేడియో ఉండేది, వార్తల టైముకి స్పూన్ల చప్పుడు కూడా ఆగిపోయేది. ఆ రేడియోలో ఫలానా ఎంపీ దీనికి ఒప్పుకోలేదట అని వినిపించి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. వెనక దేశమంతా ఉందన్న ధైర్యంతోనే మనిషి ముందుకెళ్తాడు.

అయినా ఒక్క ఓటుతో ఏం ఆగింది? ఏమీ ఆగలేదు. పేరొచ్చింది అంతే.

బే_ఏరియా_బుజ్జి
బాబాయ్, ఆవిడ దాడి చేసినవాణ్ణి వదిలేయమనలేదు. తలుపుకి గడియ పెట్టకుండా ఇంట్లోంచి వెళ్ళొద్దు అన్నారు.

మల్కాపురం_మాజీనేవీ
ఇల్లు తగలబడుతుంటే గడియ గురించి మాట్లాడకు అబ్బాయ్.

అక్కయ్యపాలెం_టీచరమ్మ
మాజీనేవీ గారూ, ఒక సంగతి. ఆవిడ తండ్రి సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్. రెండో ప్రపంచ యుద్ధంలో, కొరియాలో పనిచేసిన మనిషి. ఉత్తరం కోసం ఎదురుచూడటం అంటే ఏంటో తెలిసిన ఇంట్లోనే పుట్టారు. మీరన్నట్టు ఒక్క ఓటు దేన్నీ ఆపలేదు, నిజమే. కానీ పేరు కోసం చేసింది కూడా కాదని ఆ తర్వాతి చరిత్ర చెబుతుంది.

ఇలాంటి ఒంటరి ఓట్లకు అక్కడ పాత లెక్క ఉంది. 1941లో జపాన్ మీద యుద్ధానికి 388–1. ఆ ఒక్కరు జెనెట్ రాంకిన్. 1917లోనూ యుద్ధం వద్దనే వేశారు, అప్పుడు తోడుగా 49 మంది ఉన్నారు. 1942లో ఆవిడ మళ్ళీ పోటీకే దిగలేదు. 1964లో వియత్నాం గొడవకు దారి తీసిన టాంకిన్ తీర్మానం సెనేట్‌లో 88–2. ఆ ఇద్దరు, మోర్స్, గ్రూనింగ్, 1968లో సీట్లు పోగొట్టుకున్నారు. బార్బరా లీ 2001 ప్రసంగంలో మోర్స్‌ను తలుచుకున్నారు. పోయిన సీట్ల సంగతి ఆవిడకు తెలియక కాదు.

కంచరపాలెం_కుర్రాడు
అదేటి టీచరమ్మా, 421 మందిలో ఒక్కర్తే ఎర్ర బటన్ నొక్కిందా? మా ఇంట్లో ఐదుగురం, టిఫినుకి ఉప్మా వద్దని నేనొక్కణ్ణే సెప్పలేను.

ఎంవీపీ_డబుల్‌రోడ్
ఉప్మాకి కూడా విప్ జారీ అవుతుంది నాయనా.

గాజువాక_గిరి
విప్ మాట వచ్చింది కాబట్టి. పార్టీ చెప్పినదానికి ఎదురు వేస్తే మన దగ్గర సీటే పోతుంది కదా? ఇక రికార్డు ఎవరిది, ఎంపీదా పార్టీదా?

సీతమ్మధార_ప్లీడరు
అదే రెండో కారణం. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో పదో షెడ్యూల్, అంటే ఫిరాయింపుల చట్టం, వచ్చింది. పార్టీ ఆదేశానికి వ్యతిరేకంగా ఓటేసినా, అసలు ఓటేయకుండా ఊరుకున్నా, పార్టీ 15 రోజుల్లోపు క్షమించకపోతే అనర్హత వేటు పడొచ్చు. 1992లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. విప్ అనేది ప్రభుత్వ మనుగడ తేలే ఓటుకో, పార్టీ ప్రధాన విధానానికో పరిమితమైతే మంచిదని అదే తీర్పులో అంది. పార్టీలు వింటాయా? దాదాపు ప్రతిదానికీ విప్పే.

2008 ఓటింగ్‌లో తెలుగుదేశం నుంచి మందా జగన్నాథం, ఆదికేశవులు నాయుడు గీత దాటి ప్రభుత్వం వైపు వేశారు. సభలో నోట్ల కట్టలు కనిపించింది కూడా ఆ రోజే కాబట్టి, గీత దాటినవాళ్ళందర్నీ జనం ఒకే కళ్ళతో చూశారు. మనస్సాక్షితో వేశాడా మరోదానితో వేశాడా తేల్చే దారి లేదు. ఇంకోవైపు స్పీకర్ సోమనాథ్ ఛటర్జీ. పార్టీ దిగిపొమ్మంది, స్పీకర్‌కి పార్టీ ఉండదని ఆయన దిగలేదు. మర్నాడే సీపీఎం బహిష్కరించింది.

బార్బరా లీ మన సభలో ఉండి 1999లో ఆ ఓటు వేసుంటే 2001 దాకా సభలో మిగిలేవారే కాదు.

గాజువాక_గిరి
అందుకే మేం రోడ్డు మీద ఓటేశాం. 2007 సెప్టెంబరు గుర్తుందా ఎవరికైనా? బంగాళాఖాతంలో మలబార్ నౌకాదళ విన్యాసాలు. మనతో పాటు అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, సింగపూర్. అమెరికా విమానవాహక నౌకలే రెండు వచ్చాయి. కోల్‌కతా నుంచి ఒకటి, చెన్నై నుంచి ఒకటి వామపక్షాల జాతాలు బయల్దేరి విశాఖలో కలిశాయి. ఆ రోజు నేనూ ఉన్నా. చొక్కా పిండితే నీళ్ళు కారేంత ఉక్క. జెండా కర్ర పట్టుకుని అరిచి అరిచి గొంతు పోతే, ఒక సోడా బండాయన డబ్బులు తీసుకోకుండా గోలీసోడా కొట్టి ఇచ్చాడు.

చమత్కారం ఏంటంటే ఆ ప్రభుత్వాన్ని బయటి నుంచి నిలబెట్టిందీ మావాళ్ళే. ఆ విన్యాసాల మీద సభలో ఓటింగ్ లేదు. ఉండి ఉంటే శ్రీను మాస్టారికి ఈ రోజు ఒక పేజీ దొరికేది.

మల్కాపురం_మాజీనేవీ
గిరీ, మీరు జెండాలు పట్టుకున్న ఆ ఏడాదే అమెరికా నుంచి జలాశ్వ వచ్చింది. పాత పేరు ట్రెంటన్. సునామీ అప్పుడు మనుషుల్ని, సామాన్లని మోయడానికి అంత పెద్ద ఓడ లేక పడ్డ అవస్థ మాకు తెలుసు. వైజాగే దాని ఇల్లు. దాని మీద డ్యూటీ చేసిన కుర్రాళ్ళు మీ గాజువాకలోనే అద్దెకుండేవాళ్ళు.

గాజువాక_గిరి
ఓడ వద్దని ఎవరన్నారు గురువుగారూ. ఓడతో పాటు ఏమేం ఒప్పుకున్నామో సభలో చెప్పమన్నాం.

అడ్మిన్_ఉక్కునగరం
ఇప్పటి పార్టీల జోలికి వెళ్తున్న రెండు పోస్టులు తీసేశాను. దారం తెగకుండా రాయండి.

ఎంవీపీ_డబుల్‌రోడ్
ఓక్లండ్, బర్క్‌లీ ఓటర్లే ఆ తరహా. అక్కడ యుద్ధం వద్దనడానికి గుండె ధైర్యం ఏం కావాలి? శాన్‌డియేగో లాంటి నేవీ ఊళ్ళో నిలబడి ఆ ఓటు వేస్తే అప్పుడు దండ వేస్తా. అంతెందుకు, విశాఖ ఎంపీ రక్షణ బడ్జెట్ తగ్గించాలని ఓటేస్తే మీలో ఎంతమంది మళ్ళీ గెలిపిస్తారు?

మల్కాపురం_మాజీనేవీ
మల్కాపురం, సింధియా, నావల్ బేస్ వైపు ఒక్క ఓటు రాదు. రాసిస్తా.

రాంబిల్లి_రాము
మా వైపు రావొచ్చు. నేవీ బేస్ కోసం భూములు ఇచ్చినవాళ్ళం. దేశ రక్షణకి అంటే కాదనలేదు. పరిహారం లిస్టులో పేరు ఎక్కించుకోవడానికి మా నాన్న తిరిగిన తిరుగుడు మాత్రం మాకు తెలుసు. ఒక ఆఫీసులో పట్టా జిరాక్స్ ఇస్తే ఇంకో ఆఫీసులో ఒరిజినల్ అనేవారు, ఒరిజినల్ పట్టుకెళ్తే సారు క్యాంపుకెళ్ళాడనేవారు. రక్షణ విధానం అంటే మాకు ఆ ఫైలే. పార్లమెంటులో దాని మీద ఒక ప్రశ్న అడిగిన ఎంపీ ఎవరైతే వాడికే నా ఓటు. యుద్ధం మీద ఎటు వేస్తాడో తర్వాత చూద్దాం.

బే_ఏరియా_బుజ్జి
డబుల్‌రోడ్ గారూ, సేఫ్ సీటే, కాదనను. కానీ మా ఏరియా పుట్టుకతో యుద్ధ వ్యతిరేకం కాదు. పక్కనే అలమెడాలో పెద్ద నేవీ ఎయిర్ స్టేషన్ ఉండేది, 1997లో మూసేశారు. 1999లో ఓక్లండ్ ఆర్మీ బేస్ మూతపడింది. 1993లో అలమెడా పేరు మూసివేత జాబితాలో వచ్చేటప్పటికి కమిటీ చైర్మన్ మా డెలమ్సే. ఇరుగుపొరుగు పెద్దాయన ఒకాయన ఆ రిపేరు డిపోలో విమానాల ఇంజన్లు విప్పేవాడు. ఇప్పటికీ డెలమ్స్ పేరెత్తితే ముఖం తిప్పుకుంటాడు, కానీ లీకి మాత్రం ఓటేసేవాడు. నేను అడిగితే, "చెప్పింది చేస్తుంది, అంతే" అన్నాడు.

ఖర్చు తగ్గించాలని కూడా ఆవిడ ఊరికే మాటల్లో అనలేదు. 2020 జులైలో రక్షణ బడ్జెట్‌లో 10 శాతం కోత పెట్టే సవరణ ఆవిడ, పోకాన్ అనే ఇంకో సభ్యుడు కలిసి తెచ్చారు. 93–324తో ఓడింది. వాళ్ళ పార్టీలోనే సగానికి పైగా వద్దన్నారు.

అక్కయ్యపాలెం_టీచరమ్మ
పిల్లలకు చెప్పేటప్పుడు ఆవిడ ప్రతిదానికీ వద్దనే మనిషి అన్నట్టు చెప్పకండి మాస్టారూ. ఆఫ్రికాలో ఎయిడ్స్ మందులకు అమెరికా డబ్బిచ్చే పెప్‌ఫార్ చట్టం 2003లో వచ్చింది, తేవడానికి గట్టిగా పనిచేసినవాళ్ళలో ఈవిడ ఒకరు. సంతకం పెట్టింది ఏ బుష్ యుద్ధాలకైతే ఎదురు వేశారో ఆ బుష్షే. 2021 నుంచి రెండేళ్ళు విదేశీ సహాయం నిధులు చూసే సబ్‌కమిటీకి ఆవిడే అధ్యక్షురాలు.

2022 మేలో ఉక్రెయిన్‌కి 40 బిలియన్ డాలర్ల సాయం బిల్లు వచ్చింది. అందులో ఆయుధాలూ ఉన్నాయి. 368–57తో నెగ్గింది, వద్దన్న 57 మందీ రిపబ్లికన్లే, డెమోక్రాట్ అయిన లీ అవునన్నారు. శాంతి కాముకురాలు అనుకుని ఓటేసిన కొందరికి అది మింగుడుపడలేదు. 2023 అక్టోబరులో గాజాలో కాల్పులు ఆపమని అడిగితే ఇంకో వర్గానికి కోపం. రికార్డు చదివితే ఒక గీతలో ఉండదు. నాకు అందులో నచ్చిందే అది.

మల్కాపురం_మాజీనేవీ
ఉక్రెయిన్‌కి తుపాకులు ఇవ్వొచ్చు, తన దేశం మీద దాడి చేసినవాడి మీద మాత్రం ఆగి ఆలోచించాలా? ఇదేం లెక్క టీచర్ గారూ.

అక్కయ్యపాలెం_టీచరమ్మ
ఈ ప్రశ్న ఆవిణ్ణి అడిగే హక్కు ఓటరుకి ఉంది, ఎందుకంటే రెండు ఓట్లూ ఎదురుగా కనిపిస్తున్నాయి. ఇదే ప్రశ్న మన ఎంపీని మీరు ఏ కాగితం చూపించి అడుగుతారు?

కంచరపాలెం_కుర్రాడు
టీచరమ్మ సిక్సర్.

మల్కాపురం_మాజీనేవీ
సిక్సర్ కాదు. నా ప్రశ్నకి జవాబు కాదది. కానీ ఆ మాట నిజమే.

గాజువాక_గిరి
ఇరాక్ సంగతి ఎవరూ ఎత్తలేదే. అక్కడ 2002 అక్టోబరులో ఓటు, 296–133. లీ మళ్ళీ వ్యతిరేకం, ఈసారి ఒంటరి కాదు. మనదగ్గర 2003 ఏప్రిల్లో పార్లమెంటు ఆ యుద్ధాన్ని తప్పుపడుతూ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఏకగ్రీవం అంటే ఎవరి పేరూ లేనట్టే.

సీతమ్మధార_ప్లీడరు
గిరి గారి మాటకు కొనసాగింపు. ఆ తర్వాత అసలు పెద్ద ప్రశ్న వచ్చింది. ఇరాక్‌కి మన సైన్యాన్ని పంపమని అమెరికా అడిగింది. 2003 జులై 14న భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ కూర్చుని, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేకుండా పంపం అని తేల్చింది. మంచి నిర్ణయమే అని నా అభిప్రాయం. నలుగురైదుగురు ఒక గదిలో తీసుకున్నారు. పంపుదాం అని తేల్చి ఉన్నా అదే గదిలో తేలేది. అక్కడైతే లీ 2002లో యుద్ధానికి బదులు ఐరాస తనిఖీలు అని సవరణ పెడితే దానికి 72 మందే వచ్చారు, 355 మంది కాదన్నారు. ఆ 72 పేర్లూ ఇవాళ్టికీ చదవొచ్చు. 2021లో ఇరాక్ యుద్ధానికి అధ్యక్షుడికి 2002లో ఇచ్చిన అధికారాన్ని రద్దు చేసే ఆవిడ బిల్లుకే 268 మంది వచ్చారు, 161 మంది వద్దన్నారు. 2002లో అవునని 2021లో రద్దు అన్నవాళ్ళెవరో పేరు పక్కన పేరు పెట్టి పోల్చుకోవచ్చు. సెనేట్‌లో ఆ బిల్లు ఆగిపోయింది, అది వేరే కథ.

సింధియా_శ్రీను
అయితే మా పిల్లలకు విశాఖ నుంచి చూపించడానికి ఒక్కటీ లేదా?

సీతమ్మధార_ప్లీడరు
ఉంది. రాజ్యాంగ సవరణలు చూడండి. వాటికి ప్రత్యేక మెజారిటీ లెక్క తేలాలి కాబట్టి మూజువాణితో కుదరదు, డివిజన్ తప్పదు. అందులో నికార్సైన విదేశాంగం ఒకటుంది. బంగ్లాదేశ్‌తో సరిహద్దు ఒప్పందానికి 2015లో 100వ సవరణ. 111 భూఖండాలు మనం ఇచ్చి 51 తీసుకున్నాం. మే 6న రాజ్యసభ 181–0, మే 7న లోక్‌సభ 331–0. అప్పుడు విశాఖ ఎంపీ కంభంపాటి హరిబాబు గారు. ఆ రోజు చర్చల పీడీఎఫ్ తెరిచి పేర్ల జాబితాలో వెతకమని పిల్లలకే ఇవ్వండి.

రెండోది స్థాయీ సంఘం, అంటే పార్లమెంటు స్టాండింగ్ కమిటీ. రక్షణ మీద 1993 నుంచి ఉంది, 31 మంది సభ్యులు. అక్కడ విప్ నడవదు. ఒప్పుకోనివాళ్ళు అసమ్మతి పత్రం రాయొచ్చు, అది నివేదికతో పాటే అచ్చవుతుంది. మూడోది రాము గారు చెప్పిన ప్రశ్నలు. రక్షణ శాఖను ఎవరు ఏం అడిగారో, ఏం జవాబిచ్చారో మొత్తం ఉంది.

అక్కయ్యపాలెం_టీచరమ్మ
పాతకాలం కావాలంటే లంకా సుందరం ప్రసంగాలు చదివించండి. మొదటి లోక్‌సభకు 1952లో విశాఖ నుంచి ఇండిపెండెంటుగా గెలిచారు. విదేశీ వ్యవహారాల మీద పుస్తకాలు రాసిన పండితుడు. ఫిరాయింపుల చట్టం లేదు, పార్టీ లేదు, విప్ లేదు. ఏం మాట్లాడినా సొంత నోటితోనే.

ఎంవీపీ_డబుల్‌రోడ్
ఇండిపెండెంటా! ఇప్పుడైతే డిపాజిట్ గల్లంతు.

సింధియా_శ్రీను
2015 పీడీఎఫ్ తెరిచా. అనుకూలం కింద పేర్లు వరసగా కాలమ్ తర్వాత కాలమ్, వ్యతిరేకం కింద ఎవరూ లేరు. కింద చిన్న అక్షరాల్లో స్లిప్పుల ద్వారా ఓటేసినవాళ్ళ పేర్లు విడిగా ఇచ్చారు. బటన్ పనిచేయకపోతే కాగితం మీద రాసిస్తారట, నాకు ఇది కొత్త. విశాఖ పేరు ఉందో లేదో ఇక్కడ చెప్పను. మా సెకండియర్ పిల్లలకు అదే పని. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఒక్కొక్కరికి ఒక నియోజకవర్గం పంచాను. ఎవరి ఎంపీ ఆ రోజు లేడో వాళ్ళకు ఇంకో ప్రశ్న: ఎందుకు లేడు?

చర్చ శనివారం పొద్దున పదింటికి. బావా, వీడియోలో నువ్వు పావుగంట మాట్లాడాలి. మాజీనేవీ గారూ, మీరు రావాలి, పరాక్రమ్ సంగతి మీరే చెప్పాలి.

బే_ఏరియా_బుజ్జి
పొద్దున పది అంటే నాకు రాత్రి ఎనిమిదిన్నర. కూర్చుంటాను. ఇంకోటి కూడా చెప్పు పిల్లలకు: 2024లో సెనేట్ సీటుకు పోటీ చేసి ప్రైమరీలోనే ఓడిపోయారు, నాలుగో స్థానం. ఒంటరి ఓటు రాష్ట్రమంతా పనికిరాలేదు. 2025లో ఓక్లండ్ మేయర్‌గా గెలిచారు.

మల్కాపురం_మాజీనేవీ
వస్తా. కానీ ఆవిణ్ణి మరీ దేవతను చేస్తే మధ్యలో లేస్తా.

సింధియా_శ్రీను
లేవండి బాబాయ్. మీ ముందు వరసలో మైకు పెట్టిస్తున్నా.

కంచరపాలెం_కుర్రాడు
టిఫిన్ ఏటన్నా?

సింధియా_శ్రీను
ఉప్మా.